నాడిగత్తె మచ్చ

మేము తయారుచేసిన వీడియో గేములో వాళ్ళ పేరు దీప్తలు. ఆఫీసులో మేము మాత్రం అరుదమ్మలు అనేవాళ్ళం. సూర్యుడు ఆరిపోయాక మనుషులంతా పెద్ద పెద్ద ఓడలెక్కి ఆకాశంలో తిరుగుతుంటారు. ఆ తిరుగుడు మొదలైన ఆరువందల ఏళ్ళలో వింత శక్తులున్న అలాంటి ఆడవాళ్ళు తొమ్మిదిమందే పుట్టారు. ఒకావిడ పిడికిలి బిగిస్తే ఓడలోని వెలుతురంతా ఆ పిడికిట్లోకి వచ్చేస్తుంది. ఒకావిడ ఓడ మొత్తానికి సరిపడా ఊపిరిని తన గుండెల్లో దాచుకోగలదు. ఇంకొకావిడకి రేపు జరగబోయేది కనిపిస్తుంది, కానీ పక్కింటివాళ్ళది మాత్రమే. ఆవిడ గురించి అనుకున్న రోజున మా అందరికీ ఎవరి పక్కింటివాళ్ళు వాళ్ళకి గుర్తొచ్చి పడీపడీ నవ్వుకున్నాం. ఆ తొమ్మిదిమంది చరిత్రలూ రాసింది నేనే. వీడియో గేముకి చరిత్ర ఏమిటని మా బంధువులు ఇప్పటికీ అడుగుతుంటారు. చెప్పీ చెప్పీ నోరు నొప్పిపుట్టి, కంప్యూటర్ పని అనేసి ఊరుకోవడం నేర్చుకున్నాను.

వారాల తరబడి ఆడినా ఆటగాడికి ఒక్క అరుదమ్మ దొరకడం గగనం. దొరికితే ఆవిడ గురించి మూడు పేజీలు తెరుచుకుంటాయి. శక్తి, పుట్టుక, మచ్చ. మచ్చ అంటే ఆవిడ చేసిన తప్పు. ఈ నియమం మా లెక్కల మాస్టారిది. ఆయన నిజంగా మాస్టారేం కాదు, ఆటలో ఎవరి బలం ఎంతుండాలో తూకం వేసే ఉద్యోగి. "శక్తి ఎంతుంటే మచ్చ అంతుండాలి. లేకపోతే జనం దణ్ణం పెట్టుకుంటారు తప్ప ఆడరు" అనేవాడు. మచ్చ చదివాక ఆటగాడు తీర్పు చెప్పాలి. క్షమించు, శిక్షించు అని రెండు బటన్లు. ఏదో ఒకటి నొక్కందే ఆట ముందుకి కదలదు. నొక్కగానే అప్పటిదాకా అందరూ ఏమన్నారో, నూటికి ఎంతమంది ఎటున్నారో తెర మీద పడుతుంది. ఆ రెండు బటన్ల ఆలోచన నాదే. ఆ ఏడాది మీటింగులో నాకు చప్పట్లు కూడా కొట్టారు.

ఎనిమిది మచ్చలు ఎలాగో కల్పించాను. తొమ్మిదో ఆవిడ దగ్గర బుర్ర మొరాయించింది. ఆవిడ పేరు నాడిగత్తె. ఓడ గోడకి అరచెయ్యి ఆనిస్తే చాలు, లోపల ఏ యంత్రానికి ఏ జబ్బుందో ఆవిడకి తెలిసిపోతుంది. శక్తి పేజీ రాయడానికి నాకు ఒక పూట కూడా పట్టలేదు. ఎందుకంటే అది మా అక్కది.

అక్క అట్టపెట్టెల కార్ఖానాలో పనిచేస్తుంది. అట్టల్ని పెట్టె ఆకారానికి కత్తిరించే పెద్ద యంత్రం ఆవిడది. పొద్దున్నే దాన్ని ఆన్ చేసి, అట్ట పెట్టే ముందు దాని పక్క మీద అరచెయ్యి ఆనించి ఒక్క నిమిషం నిలబడుతుంది. "ఎడమవైపు బేరింగు పోతోంది" అంటుంది. మెకానిక్కు గొణుక్కుంటూ విప్పి చూస్తే నిజంగానే అరిగి ఉంటుంది. కార్ఖానాలో అందరూ డాక్టరమ్మ అని పిలుస్తారు. అక్కకి మాత్రం అందులో గొప్పేమీ కనిపించదు. "పిల్లకి జ్వరమొస్తే ఒళ్ళు ముట్టుకుంటే తెలీదూ? ఇదీ అంతే" అంటుంది.

అమ్మ పోయాక అక్కకి మనసు విప్పి మాట్లాడుకోవడానికి ఉన్నది నేనొక్కదాన్నే. బావ మంచివాడే, కానీ ఏ బాధ చెప్పుకున్నా సగంలోనే ఉపాయం చెప్పి లేచిపోతాడు. నేను వింటాను. చిన్నప్పటినుంచీ అంతే, అక్క చెబుతుంటే నోరు తెరుచుకుని వినేదాన్ని.

పద్నాలుగేళ్ళ కిందట ఒక సాయంత్రం వంటింట్లో బీన్స్ తుంచుతూ అక్క నాకొక సంగతి చెప్పింది. అంతకు పది రోజుల ముందు, పొద్దున యంత్రాన్ని ముట్టుకుంటే తేడాగా తగిలిందట. అట్టని కోసే ఇనుప పలక పైకి లేచి, కిందికి దిగే ముందు ఒక్క క్షణం తడబడుతోంది. చెబితే యంత్రం ఆపేస్తారు, మెకానిక్కు వచ్చి విప్పి బిగించేదాకా అక్క అక్కడే ఉండాలి. మధ్యాహ్నం మూడింటికి స్కూల్లో కూతురి నాటకం. అయిదేళ్ళ పిల్ల, సీతాకోకచిలుక వేషం. పైగా ముందు వారమే, ఉత్తపుణ్యానికి యంత్రం ఆపించావని సూపర్‌వైజర్ నలుగురిలో కేకలేశాడు. అక్క నోరు మెదపలేదు. రెండింటికి షిఫ్టు మారగానే వెళ్ళిపోయింది. నాలుగింటికి ఆ పలక దానంతటదే దిగి, రెండో షిఫ్టులో వచ్చినావిడ కుడిచేతి వేళ్ళు రెండు పోయాయి.

"నాకు తెలుసే. తెలిసే వెళ్ళిపోయాను" అంది అక్క. కొంచెంసేపు బీన్స్ తుంచి, "ఎవరికీ చెప్పలేదు. మీ బావకి కూడా. నీ కడుపులోనే ఉండాలి" అంది. ఉంటుందని మాటిచ్చాను.

పద్నాలుగేళ్ళు ఉంది కూడా. నోట్లో నువ్వుగింజ నానదని ఇంట్లో నాకు పేరు. అయినా ఆ ఒక్క సంగతి ఎవరికీ చెప్పలేదు. చెప్పలేదు గాని, రాశాను. గడువు ఇంకా రెండు రోజులే ఉంది, తల గోక్కున్నా ఇంకేమీ తట్టలేదు. కార్ఖానాని ఓడ చేశాను. పలకని ఓడ తలుపు చేశాను. రెండు వేళ్ళని మొత్తం చెయ్యి చేశాను. అక్కని మూడువందల ఏళ్ళ అవతలికి నెట్టాను. పేరూ ఊరూ మార్చేస్తే మనిషి మారిపోయినట్టే అనుకోవడం మా రాసేవాళ్ళకి ఉన్న జబ్బు. ఒక్కటి మాత్రం మార్చబుద్ధి కాలేదు. రెక్కలు కట్టుకుని, బడి గుమ్మంలో నిలబడి తల్లి కోసం చూస్తున్న చిన్నపిల్ల. ఆ పిల్లని తీసేస్తే పేజీ చప్పబడిపోతోంది. ఉంచేశాను.

లెక్కల మాస్టారు చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "మిగతా ఎనిమిదీ ఒక ఎత్తు, ఇదొక ఎత్తు. ఎక్కణ్ణించి పట్టుకొచ్చారండీ?" అన్నాడు. "ఊరికే అలా తట్టిందండీ" అన్నాను. సిగ్గులేకుండా ఆ రోజంతా సంతోషంగా తిరిగాను.

అక్క కూతుర్ని మేము పొట్టి అంటాం. దానికిప్పుడు పందొమ్మిదేళ్ళు. నాకంటే జానెడు ఎత్తు, అయినా పొట్టే. మా పిన్ని రాసిన ఆట అని కాలేజీ అంతా చాటింపు వేసుకుంది. ఆట విడుదలైన ఆరో వారం, ఒక ఆదివారం మధ్యాహ్నం నేను వాళ్ళింట్లో ఉండగా దానికి నాడిగత్తె దొరికింది. సోఫాలోంచి లేచి గంతేసింది.

"అమ్మా, చూడు, అచ్చం నీలాగే చెయ్యి పెట్టి చెప్పేస్తోంది. పిన్నీ, ఇది అమ్మే కదూ?"

అక్క ఆరిన బట్టలు ముందేసుకుని మడతలు పెడుతోంది. "నన్ను కూడా ఆటలో పెట్టేశావా? సన్నగా చూపించావా లేదా, అది చెప్పు ముందు" అని నవ్వింది. అప్పుడైనా ఆ ఫోను లాక్కుని ఉండాల్సింది. తర్వాత చదువుకోవే అని ఉండాల్సింది. టీ పెట్టమని దాన్ని వంటింట్లోకి తోలినా సరిపోయేది. ఏదీ చెయ్యకుండా అలాగే కూర్చున్నాను. పొట్టి మచ్చ పేజీ తెరిచి పైకి చదవడం మొదలుపెట్టింది.

తలుపు తడబడటం దగ్గర అక్క తలెత్తి నన్ను చూసింది. రెక్కల పిల్ల దగ్గరికి వచ్చేసరికి ఆవిడ చేతులు ఆగిపోయాయి. "ఈ రెక్కలు నావే కదా పిన్నీ? ఫోటో చూసి రాశావు కదూ?" అంది పొట్టి, మురిసిపోతూ. అక్క అప్పటికే మడతపెట్టిన తువ్వాలుని విప్పి మళ్ళీ మడతపెట్టింది.

చదవడం అయ్యాక పొట్టి ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. "శిక్షించు" అంటూ నొక్కేసింది. "తెలీకపోతే వేరు. తెలిసీ నోరు మూసుకుని వెళ్ళిపోయింది కదా, అదేం మనిషి? చూడమ్మా, నూటికి డెబ్భైయొక్క మంది నాలాగే అన్నారు. నువ్వయితే ఏది నొక్కుతావు?"

"నాకు ఆటలు రావమ్మా" అంది అక్క.

నేను బయల్దేరుతుంటే గుమ్మం దాకా వచ్చింది. తిడుతుందనుకున్నాను. తిట్టి ఉంటే కాళ్ళ మీద పడేదాన్ని. నేను చెప్పులేసుకునేదాకా ఆగి, మెల్లిగా, "ఎంతమంది చదువుతారే దాన్ని?" అని అడిగింది. ఆట ఆడేవాళ్ళు నలభై లక్షల మంది అనడానికి నోరు రాలేదు. "కొంతమంది" అన్నాను. తలూపి తలుపు వేసుకుంది.

మర్నాడు పొద్దున్నే లెక్కల మాస్టారి గదికి వెళ్ళి, ఆ పేజీ తీసేద్దామన్నాను. ఆయన నన్ను వింతగా చూశాడు. "జనం చదివేసిన చరిత్రని వెనక్కి తీసుకోకూడదని నియమం పెట్టింది మీరే కదండీ. కావాలంటే ఇంకో పేజీ కలపండి, తీసెయ్యడం మాత్రం కుదరదు" అన్నాడు. నిజమే, ఆ నియమం నాదే. ఆట తయారీ మొదలెట్టిన ఏడాది దాని కోసం ఆయనతో జుట్టూ జుట్టూ పట్టుకున్నంత పనిచేశాను.

సరే, కలిపాను. తొమ్మిది రోజులు కూర్చుని రాశాను. నాడిగత్తె ఓడలన్నీ వెతుక్కుంటూ పోయి, చెయ్యి పోయినావిడ ఎదుట నిలబడి నిజం చెప్పేస్తుంది. ఆవిడ మిగిలిన చేత్తో నాడిగత్తె తల నిమురుతుంది. అది చదివి ఆఫీసులో ఇద్దరు కళ్ళు తుడుచుకున్నారు. పాతవాళ్ళూ మళ్ళీ నొక్కేలా పెట్టాం, నెల తిరక్కుండానే తీర్పు తిరగబడింది. నూటికి అరవై ఆరుగురు క్షమించారు.

ఆ అంకె పట్టుకుని అక్క దగ్గరికి పరిగెత్తాను. షిఫ్టు మారే వేళ, కార్ఖానా గేటు ఎదురుగా ఉన్న టీకొట్టు బల్ల మీద కూర్చున్నాం. అక్క మోచేతుల దాకా అట్ట దుమ్ము. ఫోను తీసుకుని, పెదాలు కదుపుతూ నిదానంగా మొత్తం చదివింది.

"ఆవిడ క్షమించిందని నీకెవరు చెప్పారు?" అంది.

"కథే కదక్కా. నీ మనసుకి కాస్త..."

"ఆవిడ వేళ్ళు పోగొట్టింది నేను. ఆవిడ నోట్లో మాట పెట్టింది నువ్వు. ఇద్దరం కలిసి ఆవిడకేం మిగిల్చామే?"

అక్క టీ గ్లాసు పక్కన పెట్టింది. "ఎప్పటికైనా ధైర్యం చేసి వెళ్ళి చెప్తాననుకునేదాన్ని. ఆ రోజు నిన్ను తోడు తీసుకెళ్దామనుకునేదాన్ని. ఇప్పుడు వెళ్తే, ఆటలో బయటపడిందని భయపడి వచ్చాననుకోదూ ఆవిడ?"

"నేనొస్తాను, పద. ఇప్పుడే వెళ్దాం."

"వద్దులే" అని లేచింది. బస్సు వచ్చేదాకా నా పక్కనే నిలబడింది గాని, మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

తర్వాత రెండు నెలలు నేను ఫోన్ చేసినప్పుడల్లా అక్క ఎత్తింది. కూరగాయల సంగతి, వాన సంగతి, బావ మోకాలి నొప్పి సంగతి మాట్లాడింది. నువ్వెలా ఉన్నావంటే మాత్రం బాగానే ఉన్నాననేది. మొదట్లో నాకు ఒళ్ళు మండేది. సొంత చెల్లెల్ని, ఎన్నాళ్ళు సాధిస్తుంది అనుకునేదాన్ని. సాధించడం కాదది. మెట్ల మీద ఎదురైన పక్కవాటా ఆవిడతో ఎలా మాట్లాడుతుందో నాతోనూ అలాగే మాట్లాడుతోంది. అది అర్థమైన రోజున ఆఫీసు బాత్‌రూములో తలుపేసుకుని ఏడ్చాను.

ఒక మధ్యాహ్నం పొట్టి మా ఆఫీసుకి వచ్చింది. లోపలికి రమ్మంటే రానంది. కింద మెట్ల దగ్గర నిలబడే మాట్లాడింది.

"నిన్న అమ్మ ఆవిడ దగ్గరికి వెళ్ళింది. ఆ వేళ్ళు పోయినావిడ ఇంటికి. నన్ను కూడా తీసుకెళ్ళింది. దారిలో బస్సులో నాకంతా చెప్పింది."

నేను దాని చెయ్యి పట్టుకోబోయాను. వెనక్కి లాక్కుంది.

"నేను అమ్మ ముందే ఆ బటన్ నొక్కాను పిన్నీ. నువ్వక్కడే ఉన్నావు. నొక్కుతుంటే చూస్తూ కూర్చున్నావు."

"తప్పేనే" అన్నాను. "ఎంతసేపున్నారు?"

"గంటన్నర. నన్ను బయట కూర్చోమంది. వచ్చేటప్పుడు అమ్మ కళ్ళు వాచిపోయి ఉన్నాయి. ఏమైందంటే చెప్పలేదు. ఇంటికొచ్చి పడుకుంది." కాసేపు గోడకేసి చూసి, "నిన్ను నిలదీయొద్దంది. నీకు చెప్పొద్దని మాత్రం అనలేదు. అందుకే చెప్తున్నా" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రమే అక్క ఇంటికి వెళ్ళాను. తలుపు తీసి, రా కూర్చో అంది. టీ ఇచ్చింది. నా పక్కనే కూర్చుంది. దూరం జరగలేదు, మొహం తిప్పుకోలేదు. నేను క్షమించమని అడిగాను, ఇంకెప్పుడూ నీది ఏదీ రాయనన్నాను. "సరేలే" అంది. నిజంగానే సరే అన్నట్టు ఉంది ఆవిడ గొంతు. దాంతో నాకు కాస్త ధైర్యం వచ్చింది.

"వెళ్ళావటగా" అన్నాను.

"ఊఁ."

"ఏమందక్కా ఆవిడ?"

అక్క నా మొహంలోకి చూసింది. దాచడమెందుకు, అప్పుడు కూడా నాలో ఒక మూల ఎవరో చెవులు రిక్కించుకుని కూర్చున్నారు. తలుపు ఏ చేత్తో తీసిందో, తిట్టిందో, ఏడ్చిందో, ఆవిడకి ముందే తెలుసేమో, అన్నీ కావాలనిపించింది. అది అక్కకి కనిపించే ఉంటుంది.

"నీకు చెప్పనే" అంది. కోపంగా అనలేదు. "నిన్నట్నించీ పదిసార్లు ఫోన్ తీశాను, అలవాటు కొద్దీ. చెప్తే ఎంత తేలికపడతానో నాకు తెలుసు. అయినా చెప్పను."

ఆ తర్వాత చాలాసార్లు వెళ్ళాను, ఇప్పటికీ వెళ్తూనే ఉన్నాను. ఆవిడ ఏమందో నాకు ఈ రోజుకీ తెలియదు.