నీలం చీర పేలిక

ఇట్లా దగ్గరికొచ్చి కూర్చోండమ్మా, ఫోన్లు కాసేపు పక్కన పెట్టి. మన రెజీనా సంగతి చెబుతాను. కాపురం పుంగనూరులో, ఉద్యోగం మదనపల్లె కంపెనీలో, ఆ రోజు పని కుప్పంలో ఒక ప్రైవేటు ఆసుపత్రిలో.

తెల్లారి ఆమె చట్నీకి తిరగమోత పెడుతుంటే మొగుడు శాంతిరాజు మంచం మీద నుంచే అన్నాడు: "సీలింగులో రేకులు సూసేదానికి అంత ఆత్రం యాల? పోయినేడు నేను సూసినవే గదా. ఎక్కే పన్లేదు. అన్నీ బాగుండాయని రాసేసి వచ్చేయ్."

అదే కంపెనీలో ఆయన సూపర్‌వైజరు. పెళ్లానికి పని నేర్పింది తానేనని చర్చి మెట్ల మీద అందరికీ చెప్పుకుంటాడు. నేర్పాడు నిజమే, నిచ్చెన కింద నిలబడి. అత్త ఫ్లోరా అయితే, "ప్యాంటేసుకొని నిచ్చెనెక్కే కోడల్ని ఇస్తివే ప్రభువా" అని రోజూ టిఫిను ముందు ప్రార్థనలో కలిపేస్తుంది. ఆ కోడలు పెట్టిన ఇడ్లీల ముందే కూర్చుని.

ఆ రేకుల సంగతి కూడా చెప్పాలి. పెద్ద భవనాల్లో ఏసీ గాలి రేకు గొట్టాల్లో గోడలు దాటి పోతుంది. గోడ దాటే చోట గొట్టం లోపల ఒక తలుపు. ఫైర్ డ్యాంపర్ అంటారు. వేడికి కరిగే చిన్న ముక్క దాన్ని తెరిచి పట్టుకుంటుంది. నిప్పంటుకుంటే ముక్క కరిగి తలుపు ధన్‌మని పడాలి, మంటా పొగా అవతలికి పోకుండా. ఏడాదికొకసారి ఎవరో ఎక్కి, ముక్క తీసి, పడుతుందో లేదో చూసి, మళ్లీ ఎత్తి నిలబెట్టాలి. వంటింటి పనిలాగే, సరిగా చేసినన్నాళ్లూ ఎవరికీ కనబడదు.

పసిపిల్లల వార్డు గోడ దగ్గర రెజీనా ఎక్కి ముక్క తీసింది. తలుపు కదల్లేదు. టార్చి వేసి చూస్తే, గుడ్డపేలికతో కట్టేసి ఉంది. నీలం రంగు, జరీ చుక్కలు. తన మొదటి జీతంతో కొనుక్కున్న చీర. చేతులు తుడుచుకోవాలని పోయినేడు ఆయన చింపుకుపోయిన చీర.

తలుపు అప్పుడప్పుడు ఊరికే పడి గాలి ఆగితే ఆసుపత్రివాళ్లు ఫోన్ చేస్తారు, మళ్లీ ఎక్కాలి. ఎక్కలేక కట్టేశాడు. కట్టి, బాగుందని సంతకం పెట్టాడు. గోడకవతల ఆరు ఉయ్యాలలు. పదేళ్లుగా తనకు ఒళ్లొంచడం గురించి పాఠాలు చెప్పిన మనిషి పనితనం, జానెడు పేలిక. ఆమెకు కోపం కూడా రాలేదు. కోప్పడటానికి ఎదుట కాస్తయినా మనిషి ఉండాలి కదా.

ఫోన్ చేసింది.

"కత్తిరించి పారెయ్," అన్నాడు. "రిపోర్టులో రాయొద్దు. నా ఉద్యోగం పోతాది. మా అమ్మ తట్టుకోలేదు."

"ఎన్నిటికి కట్టినావు?" పెళ్లయ్యాక ఆయన్ని 'నువ్వు' అనడం అదే మొదలు.

"గుర్తు లేదు."

"చీర ఎంత పొడుగో నాకు గుర్తుండాదిలే," అని పెట్టేసింది.

మధ్యాహ్నానికి తొమ్మిది విప్పింది. తొమ్మిది తలుపులూ ధన్‌మని పడ్డాయి, మళ్లీ ఎత్తి నిలబెట్టింది. రిపోర్టులో కారణం రాసే గడిలో రాసింది: "చీర గుడ్డతో కట్టేశారు. కట్టినది శాంతిరాజు. విప్పినది రెజీనా."

పుంగనూరు బస్టాండులో ఆయన బండి మీద కూర్చుని ఎదురుచూస్తున్నాడు. ఆమె బస్సు కిటికీలోంచి చూసింది, దిగలేదు. కండక్టరుకు మదనపల్లె టికెట్ ఉందని చూపించింది. ఆఫీసు మూయకముందే కాగితం, తొమ్మిది పేలికలు మేనేజరు బల్ల మీద పెట్టింది.

ఈ కథ గుర్తు పెట్టుకుని మీ పిల్లలకూ చెప్పండమ్మా. కట్టినవాడి పేరు మర్చిపోయినా ఫర్వాలేదు. విప్పినామె పేరు మాత్రం మర్చిపోకండి.