గిన్నె గిటారుకు నా శ్రుతి

పంటు మీద ఉన్నాం, కింద నీళ్లు కదలడం లేదు గానీ పంటు కదులుతోంది, అవతలి ఒడ్డు ఎంత దగ్గరికొచ్చినా పలచబడి మళ్లీ దూరం జరిగిపోతోంది. నేను సైకిలు పట్టుకొని నిలబడ్డాను. ఎదురుగా బల్ల మీద దైవసహాయం తాతయ్య, మా అమ్మ వాళ్ల నాన్న, గిన్నె గిటారుని ఒళ్లో వెల్లకిలా పడుకోబెట్టుకొని కూర్చున్నాడు. ఆయన పోయి ఆదివారానికి ఏడాది. ఆ సంగతి నాకు తెలుసు, తెలిసినా ఇక్కడ పైకి అనకూడని మాటలా ఉంది.

ఆ గిటారు పొట్టలో పలచటి అల్యూమినియం గిన్నె ఉంటుంది, అందుకే మా ఊళ్లో దానికా పేరు. తాతయ్య ఉక్కు కడ్డీని తీగల మీద జరుపుతూ వాయిస్తే పాట మెట్లు దిగకుండా జారుకుంటూ వచ్చేస్తుంది.

"దీని తలకి ఆ గుడ్డేంటే బుల్లీ? పంటినొప్పి గానీ వచ్చిందా?" అంటున్నాడు.

తీగలు బిగించే బిరడాల మీదుగా నా పాత లంగా ముక్క చుట్టి ఉంది. ఆయన పోయిన మూడోరోజున నేనే కట్టాను, ఆయన చివరిసారి చేసిన శ్రుతి ఎవరి చెయ్యో తగిలి చెదిరిపోకూడదని.

"ఎవరూ తిప్పకుండా తాతయ్యా."

"మరి నువ్వో?"

"నేను కూడా."

"బాగుందే. పోయినా డ్యూటీ తప్పలేదన్నమాట నాకు."

నవ్వొస్తోంది, నవ్వేలోగా పంటు మందిరమైపోయింది, సైకిలు ఎక్కడ పెట్టానో గుర్తు లేదు, చాపల మీద జనమంతా మాకు వీపులు తిప్పి కూర్చున్నారు. ఆదివారం ఇక్కడే తాతయ్య జ్ఞాపకార్థ కూడిక. ఈ గిటారు వాయిస్తూ ఒక పాట నేనే పాడతానని అమ్మ పాస్టరు గారికి మాటిచ్చేసింది. నెల నుంచీ పాడుకుంటున్నాను, గొంతు తాతయ్య శ్రుతి అంత కిందికి దిగేసరికి గాలి తప్ప ఏమీ రావడం లేదు.

"తాతయ్యా, 'నీ శ్రుతేదో చెప్పవే, దానికే చేస్తా' అని నువ్వోసారి నన్నడిగావు కదా. నీదే సరిపోతుందన్నాను. అబద్ధం."

"ఎందుకాడేవే?"

"అంత కింద పాడితే ఎవరికీ వినబడను కదా, అందుకే."

ఆయన కోప్పడడం లేదు. కడ్డీని పంచె కొంగుతో తుడుస్తున్నాడు, తుడిచేకొద్దీ అది పొడుగవుతోంది, వాకిలి దాటి గోదాట్లోకి వెళ్లిపోతోంది.

"పక్కనే కూచునేవోణ్ణి, నాకు తెలీదేంటే? తెలిసీ రెండోసారి అడగలేదు. అది నా తప్పు."

"హార్మోనియం మీద నీ శ్రుతి రెండు, నాది అయిదు. ఆరు తీగలూ అంత పైకి బిగిస్తే తెగిపోతాయి. గిన్నె కూడా అణిగిపోతుంది."

"ఆరూ బిగించమని ఎవడన్నాడు? ఇప్పుడు లావు తీగ కాణ్ణుంచి సా, పా, సా, గా, పా, సా. మొదటిదీ, మూడోదీ, చివరి సన్నదీ ముట్టుకోకు. రెండోది కాస్త వదులు చెయ్యి, నాలుగోది కొంచెం బిగించు, అయిదోది ఇంకాస్త. రెండో తీగ నీకు సా. నా సా ఎక్కడికీ పోదు, నీకు పా అవుద్ది, అంతే."

"మరి నువ్వు చేసింది పోతుంది కదా!"

"నేను చేసిందా? ఓ వానాకాలం ఎల్లిపోయింది దాని మీద. మీటి చూడు."

మీటాను. తడి తాడులా మోగింది. శ్రుతి దిగిపోయిన సంగతి నాకు ఎప్పుడో తెలుసు, డైరీలో కూడా రాయకుండా దాచుకున్నాను.

"చద్దన్నం ఏడాది దాచేవే పిచ్చి మొహమా, ఇప్పుకో ముడి," అంటున్నాడు, కానీ ఆ గొంతు ఇప్పుడు తీగల్లోంచి వస్తోంది. ముడి విప్పుతుంటే దాని కింద ఇంకో ముడి, దాని కింద ఇంకొకటి, చాపల మీద వాళ్లు ఒక్కొక్కరే ఇటు తిరుగుతున్నారు, నేను ముఖం దాచుకోబోతే చేతుల నిండా గుడ్డే ఉంది. "చూడనీ," అంటున్నాడు, "చూత్తే ఏం అరిగిపోతావా?"

మెలకువ వచ్చేసరికి తెల్లారింది, వంటింట్లో అమ్మ అట్లు పోస్తోంది. గిటారు గోడకి ఆనించి ఉంది. ముడి చేత్తో రాలేదు, పళ్లతో లాగితే ఊడింది.

ఆరు బిరడాల్లో మూడు నల్లగా చిలుం పట్టి ఉన్నాయి. రెండోది, నాలుగోది, అయిదోది మాత్రం అంచులు అరిగి పసుప్పచ్చగా మెరుస్తున్నాయి.

"అమ్మా, నేను బడికెళ్లాక తాతయ్య గిటారు వాయించేవాడా?"

"వాయించడం తక్కువ, ఆ బిరడాలు తిప్పడం ఎక్కువ. నీ సైకిలు బెల్లు వినపడితే మళ్లీ గబగబా ఎనక్కి తిప్పేసేవాడు. ఏం?"

నేను రెండో బిరడా పట్టుకొని తిప్పాను. కిర్రుమనకుండా తిరిగింది.