ఢిల్లీ పోగు

ఆ ఏడాది కేంద్ర బడ్జెట్ ఆదివారం నాడు పడింది. ఢిల్లీవాళ్లకు అది పెద్ద సంగతి కాకపోవచ్చు. జగిత్యాల జిల్లా మల్లాపూర్ మండలంలోని ఒక ఊరికి మాత్రం పెద్ద చిక్కే తెచ్చిపెట్టింది. ఆ ఊళ్లో ఆదివారం పొద్దున ఇరవై ఇళ్లవాళ్లు కలిసి ఒక యాటను, అంటే మేకపోతును కోయించి, ఆ మాంసం కూరను ఇరవై పోగులు పెట్టించి, ఇంటికొక పోగు తీసుకుపోతారు. పోగులు పడే వేళ పదకొండు. బడ్జెట్ ప్రసంగం మొదలయ్యేదీ పదకొండుకే. ఊరి పేరు మాత్రం నన్ను అడగకండి. ఆ ఊరి మీదుగా కోరుట్లకు పోయే పని నాకు తరచుగా పడుతుంది.

చిక్కు విప్పినవాడు సర్పంచ్ సురేందర్ రావు. ఒకప్పటి దొరల ఇల్లు ఆయనది. తాత చేతిలో ఊరంతా ఉండేది, మనవడి చేతిలో మైకు మిగిలింది. ఆ మైకుతోనే మొన్నటి ఎన్నికల్లో గెలిచాడు. పంచాయతీ ఆఫీసు అరుగు మీదికి టీవీ తెప్పించి, దాని ముందే మోదుగాకులు పరిపించి, "ఒక కన్ను కూర మీద, ఒక కన్ను దేశం మీద పెట్టుండ్రి" అని సెలవిచ్చాడు. జనం రెండు కళ్లూ కూర మీదే పెట్టారు.

పోగులు పెట్టేది కొమురెల్లి. ముప్పై ఏళ్లుగా ఆ పని అతనిదే. తూకం రాయి ముట్టడు. చేత్తో ఎత్తి వేస్తే చాలు, ప్రతి పోగులో అన్ని కూర ముక్కలు, బొక్కలని పిలిచే ఎముకలు అన్ని, వేలెడు కార్జం పడవలసిందే. చిన్న పోగని పేచీ పెట్టుకున్నవాడు ఇంతవరకు లేడు.

ఆ రోజు పోగు కోసం వచ్చినవాళ్లలో గౌరవ్వ కూడా ఉంది. ఎనుక వాడలో ఉండి బీడీలు చేస్తుంది. భర్త లచ్చయ్య ఇరవై ఏళ్లు మస్కట్‌లో ఇటుకలు మోసి, మోకాళ్లు అక్కడ వదిలేసి వచ్చాడు. ఇప్పుడు కొడుకు రమేశ్ అదే మస్కట్‌లో ఉన్నాడు. కోడలు లతకు తొమ్మిదో నెల. గౌరవ్వకు నిద్ర పట్టనిది కోడలి నొప్పుల గురించి కాదు, ఆ నొప్పులు వచ్చినప్పుడు దాటవలసిన దారి గురించి. ఎనుక వాడకు రోడ్డు లేదు, మురుగు పోయే మోరీ లేదు. వానాకాలం బురద, ఎండాకాలం మురుగు. మొన్న కార్తీకంలో పక్కింటి పోచమ్మకు ప్రాణం మీదికి వస్తే 108 బండి రోడ్డు మీదనే ఆగిపోయింది. ఆమెను మంచం మీద మోసుకుపోయారు. మోసినవాళ్లలో ఇద్దరు జారి పడి వాళ్లూ అదే బండెక్కారు.

ప్రసంగం మొదలైంది. ఇంగ్లిషు ఎవరికీ అందలేదు. సురేందర్ రావు కాసేపు చెవి పెట్టి విన్నాడు. "మన జగిత్యాల పేరు తీస్తరేమో సూస్తున్న" అన్నాడు. అరగంటకు ఓపిక అయిపోయి టీవీ గొంతు తగ్గించి, తన గొంతు పెంచాడు.

"సూసిండ్రా? మన కష్టం, మన పన్ను. పంచేకాడ మాత్రం మనం యాదికి రాం. మీకు సమజయ్యేటట్టు చెప్త ఆగుండ్రి." అంటూ ప్యాంటు మడిచి పోగుల ముందు కూర్చున్నాడు.

"సారూ, పోగులు పెట్టినంక చెయ్యి పెట్టద్దు" అన్నాడు కొమురెల్లి కంగారుగా.

"జర ఆగు కొమురెల్లీ, దేశం సంగతి చెప్తున్న. గీ యాట మనందరి పన్ను అనుకోండ్రి. గీ పోగులు రాష్ట్రాలు." అన్ని పోగుల్లోంచి కార్జం ఏరి, తొడ కూర ఏరి, అన్నీ ఒక్క పోగు మీదే కుప్ప పోశాడు. "గిది ఢిల్లీకి దగ్గరోళ్ల పోగు." తర్వాత ఒక పోగులో బొక్కలు మాత్రం మిగిల్చి ముందుకు నెట్టాడు. "గిది మనది!"

జనానికి నిజంగానే కడుపు మండింది. బడ్జెట్ అంటే ఏమిటో తెలియనివాళ్లకు కూడా బొక్కల పోగు అంటే ఏమిటో బాగా తెలుసు. లచ్చయ్యకు మాత్రం ఒక సందేహం వచ్చింది.

"మరి ఎట్ల పంచాలంటరు సారూ?"

"ఎక్కువ కట్టినోళ్లకు ఎక్కువ రావాలె. గంతే!"

"గట్లయితే మన రాష్ట్రంల ఎక్కువ కట్టేది హైదరాబాదోళ్లే గదా? అంత ఆళ్లకే పోవాల్నా?"

"గది వేరే ముచ్చట లచ్చయ్యా" అన్నాడు సురేందర్ రావు తడుముకోకుండా. "రాష్ట్రంల ఎనుకబడ్డోళ్లకు ఎక్కువ ఇయ్యాలె. మనం ఎనుకబడ్డోళ్లం."

గౌరవ్వ నవ్వింది. "మా తల్లిగారిది ఎల్లారెడ్డిపేట దిక్కు సారూ. సిరిసిల్ల జిల్లా. ఆడ మా తమ్ముడు పొద్దున లేస్తే, అన్ని జగిత్యాలకే పోతున్నయి, మాకేమత్తలేదు అని ఒకటే లొల్లి."

అందరూ నవ్వారు. సురేందర్ రావు కూడా నవ్వి, జేబులోంచి రెండు కాగితాలు తీశాడు. ఒకటి, సోమవారం జగిత్యాలకు పోయి కలెక్టరు ఫిర్యాదులు తీసుకునే ప్రజావాణిలో ఇవ్వవలసిన అర్జీ. ఢిల్లీ మన ప్రాంతానికి న్యాయంగా వాటా ఇవ్వాలని అందులో రాసి ఉంది. రెండోది పంచాయతీ తీర్మానం. అదే ఢిల్లీ నుంచి పంచాయతీకి వచ్చిన సొమ్ముతో ఒక సిమెంటు రోడ్డు వేయవచ్చు. ఆ రోడ్డు పెద్ద బజారులో వేయాలని అందులో ఉంది.

పెద్ద బజారు గురించి ఒక మాట చెప్పాలి. ఊరికి సర్పంచులు మారారు కానీ అందరిళ్లూ ఆ బజారులోనే. డబ్బు వచ్చినప్పుడల్లా అక్కడే ఒక రోడ్డు పడింది. రోడ్డు మీద రోడ్డు, దాని మీద మరో రోడ్డు. ఇప్పుడు ఇళ్ల గడపల కంటే రోడ్డే ఎత్తుగా ఉంది. వానొస్తే నీళ్లు నేరుగా దేవుడి గదిలోకి పోతాయి.

"ఇంకో పొర పోస్తే మా ఇంట్లకు నిచ్చెనేసుకొని దిగాలె" అని ఆ బజారువాడే ఒకడు గొణిగాడు.

గౌరవ్వ ముందుకు వచ్చింది. "సారూ, మా ఎనుక వాడ మాటేంది? మా లతకు ఈ నెలాఖరుకు కానుపు. దారి లేదు."

"అవ్వా, నాకు తెల్వదా? కని పంచాయతీకి ఇంటి పన్ను ఎక్కువ కట్టేదెవలు? పెద్ద బజారోళ్లు. మీ వాడల ఉన్నయే పది గుడిసెలాయె. వచ్చే సారి తప్పకుండ సూద్దాం."

"ఢిల్లీకాడ ఎక్కువ కట్టినోళ్లకు ఎక్కువ అన్నరు. హైదరాబాదుకాడికి అచ్చేసరికి ఎనుకబడ్డోళ్లకు ఎక్కువ అన్నరు. ఊళ్లెకు అచ్చేసరికి మళ్ల ఎక్కువ కట్టినోళ్లకే అంటున్నరు. మీకాడ ఎన్ని తరాజులున్నయి సారూ?"

చిక్కులో పడ్డప్పుడు నాయకులు చేసే పనే సురేందర్ రావూ చేశాడు. "కూర ఎండిపోతున్నది, ముందు పోగులు తీసుకోండ్రి. సంతకాలు అటెన్క" అంటూ మాట దాటేశాడు. ఆ అనడంలోనే ఆయన చేయి అలవాటు కొద్దీ ముందుకు పోయి, కార్జం కుప్ప మీద పడింది. ఢిల్లీ పోగు మీద!

కొమురెల్లి ఆ చేయి పట్టుకున్నాడు. ముప్పై ఏళ్లలో అతను సర్పంచ్ చేయి పట్టుకోవడం అదే మొదలు.

"తప్పు సారూ. పోగులు పెట్టినోడు ఆఖరుకు తీసుకోవాలె. నేను ముప్పై ఏండ్ల సంది గట్లనే తీసుకుంటున్న. అందుకే నాకు పోగులు సమానం పెట్టుడు వచ్చింది. ఇయ్యాల పెట్టింది మీరు."

అది ఆ ఊరి కట్టుబాటు. దొరల కాలంలోనూ తప్పలేదు. సురేందర్ రావు చేయి వెనక్కి తీసుకున్నాడు.

"ఇయ్యాల ఎనుక వాడ నుంచి మొదలు" అని కేకేశాడు కొమురెల్లి. గౌరవ్వ వంగింది. కార్జం కుప్పను చూసి లచ్చయ్య గుటకలు మింగాడు. ఆమె దాన్ని ముట్టలేదు. మామూలుగా ఉన్న ఒక పోగును గిన్నెలో వేసుకొని పక్కకు జరిగింది. "ఏమే, కార్జమే!" అని లచ్చయ్య అంటుండగానే వెనకవాడు ఢిల్లీ పోగును ఎత్తుకుపోయాడు. ఒక్కొక్కరే వచ్చారు, తీసుకున్నారు. పంతొమ్మిది పోగులు పోయాయి. ఆకుల మీద మిగిలింది బొక్కల పోగు ఒక్కటే.

సురేందర్ రావు దానివంక చూశాడు. ఇంట్లో చుట్టాలున్నారు. భార్య లీల మసాలా నూరి, పొయ్యి మీద నూనె పెట్టడానికి ఎదురుచూస్తూ ఉంటుంది.

"గిదేం న్యాయం?" అన్నాడు, ఉండబట్టలేక. "నేను సుత అందరి లెక్కనే పైసలిచ్చిన గదా! నాకు బొక్కలేనా?"

"గా మాటనే సారూ, నేను ఇంతసేపు అంటున్న" అంది గౌరవ్వ.

ఎవరూ నవ్వలేదు. ఆమె గిన్నెను అరుగు మీద పెట్టింది. "మా ఆయన పంపిన పైసలతోని ఇల్లు కట్టినం, పన్ను కట్టినం. సబ్బు కొన్నా, ఉప్పు కొన్నా పన్నే గదా. ఢిల్లీకి మా పైసలు సుత పోతున్నయి. వచ్చేటప్పుడు మాత్రం పెద్ద బజారు దాటయి. మీరు ఒక్కపూట బొక్కలు సూసి గింత బాధపడ్డరు. మేం మా మామల కాలం సంది గదే పోగు తింటున్నం. నా కోడలిని సుత మంచం మీద మోసుకపొమ్మంటరా?"

అంతమందిలో సురేందర్ రావుకు సిగ్గేసింది, ఆ సిగ్గును దాచుకోలేదు. తీర్మానం కాగితం తీసి, 'పెద్ద బజారు' అన్నది కొట్టేసి, 'ఎనుక వాడ' అని రాశాడు.

"రోడ్డు పోసేదాక ఆగద్దు. రేపు పొద్దుగాలనే రెండు ట్రాక్టర్ల మొరం మట్టి కొట్టిస్త. లత కానుపు నాటికి 108 మీ గడప ముంగట్లకు రావాలె" అన్నాడు. పెద్ద బజారువాళ్లే ముందు సంతకం పెట్టారు. వాళ్లకు నిచ్చెనల బాధ తప్పింది.

సురేందర్ రావు బొక్కలు ఎత్తుకొని పోబోతుంటే గౌరవ్వ ఆపి, తన గిన్నెలోంచి ఒక ముక్క తీసి ఆయన గిన్నెలో వేసింది. "ఆఖరుకు తీసుకున్నోన్ని ఊరు ఉపాసం ఉంచదు సారూ." అది చూసి తక్కినవాళ్లూ తలొక ముక్క వేశారు. చివరికి ఆ పూట అందరికంటే పెద్ద గిన్నె సర్పంచ్‌దే అయింది. ఢిల్లీ పోగు ఎత్తుకుపోయినవాడు కూడా వెనక్కి వచ్చి కార్జం ముక్క వేసి పోయాడు.

చదువరులారా, మనం ఢిల్లీని నిలదీయడం తప్పు కాదు, నిలదీయవలసిందే. సోమవారం నాడు ఆ ఊరివాళ్లు మొరం ట్రాక్టర్లను ఎనుక వాడకు తోలి, ఆ తర్వాతే జగిత్యాలకు బయలుదేరారు. సురేందర్ రావు పక్కన గౌరవ్వ కూర్చుంది. దారిలో ఆమె చెబుతుంటే ఆయన అర్జీ చివర తన చేత్తో నాలుగు ముక్కలు చేర్చాడు.

"అయ్యా, పంచేటోళ్లు ముందుగాల తమ పోగు ఏరుకోవద్దు. అవసరం ఎక్కువున్నోళ్లకు ముందు పెట్టాలె. మా ఊళ్లె మేం గట్లనే పంచుకున్నం, అందుకే అడుగుతున్నం. ఇగ మీ వంతు."