కంచె దాటిన ఎరువు

అనాసియా దుప్పటి మడిచి సంచి అడుగున పెట్టింది. దాని మీద భర్త ఎలియమాని చొక్కాలు, ఉప్పు పొట్లం, అన్నిటికన్నా పైన ఎండు అరటికాయల పిండి మూట. పిండి అడుగున పెడితే దారిలో నలిగి మూట ఊడిపోతుందని ఆమె భయం. లారీ మలుపులో బోల్తా పడుతుందని, చేలో పాము ఉంటుందని కూడా భయమే. కింది మైదానంలో మొక్కజొన్న చేలకి కలుపు తీయడానికి ఎలియమాని వెళ్ళిన ప్రతిసారీ, అతడు మళ్ళీ కొండెక్కి వచ్చేదాకా ఆమెకు ముద్ద దిగేది కాదు.

"ఎన్నాళ్ళు, ఎలినామి నాన్నా?"

"కలుపు అయ్యేదాకా." అతడు కొడవలి అంచు బొటనవేలితో తడిమి చూసుకుంటున్నాడు. "ప్రతిసారీ అడగాలా?"

"చెప్తే నీ నోరేమన్నా అరిగిపోతుందా?"

ఎలినామి వాళ్ళ ఒక్కగానొక్క కూతురు. అవతలి గట్టు మీదికి కాపురానికి వెళ్ళి చాలా ఏళ్ళయింది. అయినా మొగుడూ పెళ్ళాలు ఒకరినొకరు ఆ పిల్ల పేరుతోనే పిలుచుకుంటారు.

సంచి మూతి కట్టి అనాసియా కొట్టం వెనక్కి వెళ్ళింది. పొట్టి మనిషి. మెడ మాత్రం మోతబరువులకి గట్టిపడి దుంగలా ఉంటుంది. నడినెత్తి మీద వెంట్రుకలు ఎప్పుడో అరిగిపోయాయి. ఆమె పెంచే ఆవు కొట్టం దాటి బయటికి రాదు. దానికి గడ్డి కింది నుంచి నెత్తిన మోసుకురావాలి, దాని పేడా, కాళ్ళ కింద పరిచిన అరటాకులూ తవ్వి బయట కుప్ప వేయాలి. ఆ కుప్పని తిరగేస్తూ, తడుపుతూ, ఆకులు కప్పి ఒక ఏడు దాటేదాకా మాగనివ్వాలి. పచ్చి పేడ వేస్తే వేళ్ళు మాడిపోతాయి. ఆమె మోచేతి దాకా చెయ్యి దూర్చి చూసేది. లోపల వెచ్చగా ఉంటే ఇంకా కాలేదు. చల్లగా ఉండి, పిడికిట్లో పొడిపొడిగా రాలి, పేడ వాసన పోయి వాన వెలిసిన అడవి వాసన వస్తే అయినట్టు. ఆ మాగిన ఎరువుతోనే అరటితోట కింద చిక్కుడు, ఆకుకూర మడులు నల్లగా, మెత్తగా తయారయ్యాయి. పెద్ద వానలు దిగేలోపు మళ్ళీ మడులకు ఎరువు పట్టించాలి.

ఆకులు తీసి చూసి ఆమె అలాగే నిలబడిపోయింది. కుప్పలో బాగా మాగిన కొస లేదు. ఎవరో అంచు చెదరకుండా తవ్వుకుపోయారు.

ఆమె నేరుగా కంచె దగ్గరికి వెళ్ళింది. అవతల తోటికోడలు మాంకా అరటికాయలు చెక్కుతోంది.

"మాంకా! నా కుప్ప ముట్టుకున్నావా?"

మాంకా పగలబడి నవ్వింది. "పొద్దున్నే కల్లు తాగావా అక్కా? నీ పెంట నాకెందుకే తల్లీ? నేనేమన్నా కొత్త కాపురం పెడుతున్నానా? పాత కొట్టం పెంట కంచె దాటేది దానికొక్కదానికే కదా. నా మొగుడు ఉన్న ఇంటికి తాటాకే కప్పలేక చస్తున్నాడు."

"నీ మొహం. నవ్వకు," అంది అనాసియా. కానీ తనకీ నవ్వొచ్చింది. నిజమే, ఆ కొండ మీద ఎవరూ పెంట దొంగతనం చేయరు. ఏ ఇంట చనిపోయినవాళ్ళు ఆ ఇంటి తోటలోనే మట్టి కింద పడుకుని ఉంటారు, ఏ కొట్టం ఎరువు ఆ తోటకే. వేరు కాపురం పెట్టే కొడుక్కి మాత్రం తండ్రి ఒక మోపు మాగిన ఎరువు ఇస్తాడు. కొత్త నేలలో ముందుగా పడేది అదే. పెళ్ళయిన కొత్తలో మామ ఇచ్చిన ఆ మోపు అనాసియా నెత్తినే ఈ ఇంటికి వచ్చింది.

ఇంటి ముందు ఎలియమాని సిద్ధంగా ఉన్నాడు. సంచి పక్కన మూతి కుట్టేసిన గోనె ఉంది.

"ఇదేమిటి?"

"చిక్కుడు విత్తనాలు."

ఎప్పటిలా సంచి అతడు తీసుకున్నాడు. గోనె ఆమె నెత్తికెత్తాడు.

నాలుగడుగులు వేసేసరికి ఆమె మెడకి తెలిసిపోయింది. గింజలైతే నడకకి కదులుతాయి, గలగలమంటాయి. ఇది కదలలేదు. తల ఆకారానికి సర్దుకుని, చల్లగా, బరువుగా కూర్చుంది. జన్మంతా మోసిన బరువు. మెడకి తెలిసింది మనసుకి చేరడానికి చాలాసేపు పట్టింది. చేరాక కాళ్ళు తమ పాటికి తాము నడిచాయి. ముందు నడుస్తున్న అతడి మడమల పగుళ్ళు, వాటిలో ఇరుక్కున్న ఎర్రమట్టి ఆమెకు ఎన్నడూ కనపడనంత స్పష్టంగా కనిపించాయి.

రోడ్డు మీద లారీ ఆగి ఉంది. ఆమె గోనె దించింది.

"ఎవరి ఇంటికి?"

అతడు లారీ చక్రం వైపు చూశాడు. "కింద నేల సున్నంలా ఉంది, అనాసియా. ఏం వేసినా ఎండిపోతోంది." ఏళ్ళ తర్వాత ఆమెను పేరు పెట్టి పిలిచాడు. "పిల్లాడికి ఇంత ఆకుకూర కూడా లేదు."

పిల్లాడికి. ఆమె నోరు తెరిచింది. అరవాలనుకుంది. గోనె చీల్చి అంతా రోడ్డు మీద పొయ్యాలనుకుంది.

"పెద్దమ్మా, తొందరగా ఎక్కించు! పొద్దెక్కుతోంది!" పైనుంచి లారీవాడు కేకేశాడు.

"వేడి నేల కదా," అంది ఆమె. "ఊరికే పైన చల్లొద్దు. ముందు తడిపి, మట్టిలో కలపండి. పైన ఆకులు కప్పండి. లేకపోతే ఎండకి సారమంతా పోతుంది."

ఆ గొంతు తనదేనా అని ఆమె నిర్ఘాంతపోయింది. చేతులు కూడా మాట వినలేదు. గోనె రెండో కొస పట్టి లారీలోకి ఎత్తాయి.

"సరే," అన్నాడు ఎలియమాని. ఇంకేదో అనబోయాడు. లారీ కదిలింది.

ఆమె తిరిగి వచ్చి ఆవుకి గడ్డి వేసింది. వానలు ఎవరి కోసమూ ఆగవు కనుక, మిగిలిన ఎరువే బుట్టల్లో మోసి చిక్కుడు మడులకు పట్టించింది. "బావ వెళ్ళాడా? ఎప్పుడొస్తాడట?" అని మాంకా కంచె మీంచి అడిగితే, "కలుపు అయ్యాక" అని చెప్పింది.

కుప్ప తవ్విన చోట, కొట్టం గోడకు ఆనించి అతడి మూడు పళ్ళ పార నిలబడి ఉంది. పళ్ళ మధ్య ఇరుక్కున్న నల్లటి ఎరువు ఇంకా ఆరలేదు. ఆమె దాన్ని తీయలేదు.

ఎలియమాని పెద్ద వానలకు ముందటి శుక్రవారం వెళ్ళాడు. కోతలకు రాలేదు, మరుసటి ఏడు తన తమ్ముణ్ణి, మాంకా మొగుణ్ణి, తోటలో పాతిపెట్టిన రోజునా రాలేదు, ఇక ఎప్పుడూ రాలేదు.