రోజుకు నాలుగు గుర్రాలు

వెర్న్ హాలిగన్ గిప్స్‌ల్యాండ్ పల్లెలన్నీ తిరిగి గుర్రాలకు నాడాలు కొడుతూ ముప్పై ఏళ్ళు బతికాడు. మాఫ్రా దగ్గర కూడలిలో పార్సిళ్ళ వ్యాను ఒకటి వచ్చి అతని బండిని గుద్దింది. కుడి భుజం పనికిరాకుండా పోయింది. గుర్రం కాలు ఎత్తి తొడల మధ్య పట్టుకోలేనివాడికి ఇక ఆ పని లేనట్టే. నెలజీతగాడైతే నష్టపరిహారానికి జీతం చీటీ చూపిస్తే సరిపోయేది. సొంత పని చేసుకునేవాడికి ఎంత నష్టం వచ్చిందో ఎవరో కూర్చుని లెక్క కట్టాలి. అందుకని అతని కేసు చూస్తున్న లాయరమ్మ అతన్ని థెక్లా అనే అకౌంటెంటు దగ్గరికి పంపింది.

థెక్లాకు ఇంకా ముప్పై నిండలేదు. అతను కట్టిన పన్నుల కాగితాలన్నీ అప్పటికే చదివేసింది.

"వెర్న్, ఒకటడుగుతాను, ఏమీ అనుకోకండి. నాడాలు కొట్టే మిగతావాళ్ళు రోజుకు ఏడెనిమిది గుర్రాలు చేస్తున్నారు. మీరెప్పుడూ నాలుగు దాటలేదు. ఎందుకని?"

"దూరాలమ్మా."

"మ్యాపులో చూశాను. అంత దూరాలేం కావు. అవతలి లాయరు ఇదే పట్టుకుంటాడు. భుజం ముందే పాడై ఉందంటాడు."

"నా భుజం దుక్కలా ఉండేది."

"మరి?"

వెర్న్ టోపీ అంచు తిప్పుతూ కూర్చున్నాడు. పక్కగదిలో ఎవరో ప్రింటరును తిట్టుకుంటున్నారు.

"గుర్రం పని గంటలో అయిపోద్ది. తర్వాత గుర్రం గలావిడ, జాయిస్ అని, టీ పెడతది. ఇంకోచోట స్టాన్ వాళ్ళ పంపు మొరాయిస్తే ఓ చెయ్యేస్తాను. కూర్చోమంటారు, కూర్చుంటాను." టోపీ మోకాలి మీద పెట్టుకున్నాడు. "తొందరగా ఇంటికెళ్ళి ఏం చెయ్యాలి? అక్కడెవరున్నారని?"

ఈ మాట అతను అంతవరకూ ఎవరితోనూ అనలేదు. థెక్లా కీబోర్డు మీంచి చేతులు తీసేసింది.

"ఇది రాయాలి వెర్న్. రాస్తే అందరి ముందూ చదువుతారు."

"రాయి."

చదివారు కూడా. రాజీ మాటల రోజున వ్యాను ఇన్సూరెన్సు వాళ్ళ లాయరు కళ్ళద్దాలు సర్దుకుని, "అంటే కబుర్ల కోసం సగం రోజు వదులుకునేవారన్నమాట," అన్నాడు.

"అవునండీ." వెర్న్ చెవులు ఎర్రబడ్డాయి.

ఆ లాయరు అతని ముఖంలోకి చూసి పేజీ తిప్పాడు. థెక్లా లెక్కే నిలిచింది. రోజుకు నాలుగు గుర్రాలు, అందులోంచి పెట్రోలు, ఇనుము, మేకుల ఖర్చు పోగా, పింఛను వయసైన అరవై ఏడేళ్ళు వచ్చేదాకా. డబ్బు చేతికందింది. ఒళ్ళు దగ్గర పెట్టుకుని వాడుకుంటే సరిపోతుంది.

ఆ తర్వాత రోజులు గడవడం కష్టమైంది. ఒకనాడు ఊరికే బండి తీసి బ్రియాగొలాంగ్‌లో జాయిస్ ఇంటికి వెళ్ళాడు. నాడాలు కొట్టే కొత్త అమ్మాయి అప్పుడే పని ముగించి వెళ్ళిపోతోంది. జాయిస్ చేతిలో కారు తాళాలు ఉన్నాయి.

"వెర్న్! ఏమైంది? ఏదైనా మర్చిపోయావా?"

"లేదు, ఇటుగా పోతూ..."

"ఈ రోడ్డు మా కొట్టం దగ్గరే ఆగిపోద్ది కదయ్యా, ఇటుగా ఎక్కడికి పోతావ్?" అని నవ్వింది. "పళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళాలి. ఈసారి ఫోన్ చేసి రా."

ఫోన్ చేయడానికి అతనికి పది రోజులు పట్టింది. "ఊరికే... టీకి రానా?" అని అడిగాడు.

"శుక్రవారం రా," అంది జాయిస్.

చొక్కా ఇస్త్రీ చేసుకుని వెళ్ళాడు. ఎప్పుడూ వరండా మెట్ల మీద సొట్టల మగ్గుతో టీ ఇచ్చే మనిషి ఆ రోజు ముందుగదిలో కూర్చోబెట్టి, బీరువాలోంచి పూల కప్పులు తీసింది. కేకు కోసి ప్లేటులో పెట్టింది.

"ఆరోగ్యం ఎలా ఉంది?" అని అడిగింది.

"పర్వాలేదు. గుర్రం?"

"బానే ఉంది."

ఇద్దరూ కిటికీలోంచి గుర్రం వైపు చూశారు. కొట్టం దగ్గర గంటలకొద్దీ దొర్లిన మాటలు ఇక్కడ ఒక్కటీ రాలేదు. కప్పు మరీ సున్నితంగా ఉంది. ఎడమచేత్తో జాగ్రత్తగా పట్టుకుని చివరిదాకా తాగాడు.

"ఇంకొంచెం పొయ్యనా?"

"వద్దులే జాయిస్. నీకు పనులుంటాయి."

పనులేం లేవు, కూర్చోమని ఆమె అనలేదు. గేటు దాకా వచ్చి చెయ్యూపింది.