ముల్లు మూడొందలు తాకాక

అయినా ఈ తొడుగులు ఇంకా అన్నయ్య చేతుల ఆకారంలోనే ఉన్నాయి, నా వేళ్లు కొసదాకా అందవు, గుండె ఆగి అన్నయ్య పోయి నలభై రోజులు, నా కంట చుక్క రాలలేదు, ఏడవవే, కాస్త తేలికవుతుంది అంటుంది వదిన, నాకసలు బరువే తెలియడం లేదు, బయట ఇటుకల ఫ్యాక్టరీ లారీ హారన్ కొడుతోంది, అన్నయ్య రోజుకొకటి చొప్పున ఉడికించిన చివరి పదకొండు డ్రమ్ముల బూడిద, నలభై రోజులు ఆరితేగాని బయటికి పంపరు, ఇప్పుడు అన్నయ్య బదులు నా సంతకం పడితే కదులుతుంది, ఫోర్‌మన్ కిటికీలోంచి తల పెట్టి ఏమ్మా, ఇంకా ఎంతసేపు, ఆ డ్రైవరు నా ప్రాణం తోడేస్తున్నాడు అన్నాడు, ఒక్క నిమిషం సార్ అన్నాను, రిజిస్టర్ తెరిచాను.

చెత్త కాల్చే కొలిమి పొగలో పట్టిన బూడిద, చూడ్డానికి పౌడరంత మెత్తన, లోపల డయాక్సిన్ విషం, నీళ్లు కలిపి ఇనుప పాత్రలో బిగించి మూడొందల డిగ్రీల దగ్గర గంట ఉంచితే ఆ విషం విరిగిపోతుంది, గంటంటే వేడి చూపే ముల్లు మూడొందలు తాకాక గంట, స్విచ్ వేసినప్పటినుంచి కాదు, నేను ట్రైనింగులో చేరిన రోజే చెప్పాడు అన్నయ్య, ఒసేయ్ చిట్టీ, కుక్కర్ పొయ్యెక్కించగానే ఉడికిపోయిందంటావా, అలా లెక్క రాశావో చెవి మెలేస్తా, మరి ఇదేమిటి, రిజిస్టర్లో అన్నయ్య గుండ్రటి అక్షరాలు గంట, గంట అంటున్నాయి, యంత్రం తనంతట తాను గీసిన చార్టులో రెండు సోమవారాలూ ఇరవై నిమిషాలే, రెండు గురువారాలూ ఇరవై నిమిషాలే, మిగతా రోజులు నిక్కచ్చిగా గంట, నాలుగు డ్రమ్ములు సగం ఉడికినవి, అన్నయ్యా, నువ్వా.

మీ అన్న చేతిరాత చూశాక కూడా అనుమానమేంటమ్మా, పైగా మీ వదినకి క్యాంటీన్లో ఉద్యోగం ఇస్తామన్నారు, ఆయన పేరు చెడితే ఇస్తారా అంటున్నాడు ఫోర్‌మన్, నిజమే, ఇవ్వరేమో, రాయకపోతే ఆ విషం ఇటుకల్లో దూరి ఎవరింటి ముందో అరుగవుతుంది, పిల్లలు దానిమీదే కూర్చుని ఆడతారు, కానీ సోమవారం, గురువారం, ఆ రెండే ఎందుకు, అయిదింటికి స్విచ్, వేడెక్కేసరికి అయిదూ నలభై, అక్కడినుంచి గంటంటే ఆరూ నలభై, నా ట్రైనింగు క్లాసు ఆరున్నరకి వదిలేవారు, సోమవారం, గురువారం, అక్కడి గేటు దగ్గర ఎప్పుడూ నాకంటే ముందే స్కూటర్ మీద అన్నయ్య, చీకట్లో ఒక్కదానివీ రావద్దు చిట్టీ, ఎక్కు, ఎక్కేదాన్ని, నీ పని అయిందా అని ఒక్కసారైనా అడిగానా, ఆ నలభై నిమిషాలు మింగింది నేనే.

ఎర్ర పెన్నుతో రాశాను, నాలుగు డ్రమ్ములు మళ్లీ ఉడకాలి, మూడొందల దగ్గర ఇరవై నిమిషాలే ఉన్నాయి, వదినకి నేనే చెప్పుకుంటాను అన్నాను, నీ ఇష్టం తల్లీ అని గొణుక్కుంటూ ఫోర్‌మన్ వెళ్లి ఆ నాలుగూ దింపించాడు, మొదటి డ్రమ్ము పాత్రలోకి వంచి, మూత బిగించి, స్విచ్ వేశాను, ముల్లు మెల్లగా పైకి పాకి మూడొందలు తాకింది, అప్పుడే గడియారం చూశాను, ఇక గంట, తొందరేమీ లేదు, గేటు దగ్గర నాకోసం ఎవరూ కాచుకుని లేరు, ఎంతసేపైనా కూర్చోవచ్చు, అన్నయ్య లేడు.