ఒక్కసారి పోసిన నీళ్లు

అల్లుడు బాలశౌరి అమెరికాలో వాళ్లుండే ఊరు అరోరాలో హాలు బుక్ చేశాడు. నూట యాభై మందికి బిర్యానీ, గుంటూరు నుంచి తెప్పించిన తెల్ల గౌను. నా మనవరాలికి జ్ఞానస్నానమట! నాకు ఒళ్లు మండింది. అది ఎనిమిది నెలల కిందటే అయిపోయింది. ఇచ్చింది నేనే.

ఏడో నెలలోనే పుట్టింది పిల్ల. గంట కూడా నిలవదన్నారు డాక్టర్లు. ఫాదర్ వచ్చేదాకా ఆగే వ్యవధి లేదు. ముప్పై ఏళ్లు మిషన్ ఆసుపత్రిలో నర్సుగా చేసినదాన్ని; ప్రాణం మీదికొచ్చిన బిడ్డకు ఎవరైనా జ్ఞానస్నానం ఇవ్వవచ్చని సిస్టర్లు మాకు నేర్పారు. సిరంజితో మంచినీళ్లు తీసి, ఆ చిన్న తల మీద పోస్తూ పిత, పుత్ర, పవిత్రాత్మల పేరిట జ్ఞానస్నానపు మాటలు తెలుగులోనే చెప్పాను. పిల్ల బతికింది.

"అత్తయ్యా, అప్పుడు ఎమర్జెన్సీ. ఇప్పుడు ప్రాపర్‌గా చేద్దాం. ఫాదర్‌కి చెప్పకండి, చాలు," అన్నాడు శౌరి.

"ఊరుకోమ్మా, ఎవరికి తెలుస్తుంది?" అంది నా కూతురు వర్ష.

"పిండి ఒక్కటే ఇడ్లీ కాదు, రేకు ఒక్కటే ఇడ్లీ కాదు. మధ్యయుగాల్లో మఠాల పండితులు తేల్చిందీ అదే. నీళ్లు పదార్థం, మాటలు రూపం. రెండూ కలిస్తే సంస్కారం పూర్తయినట్టే. ఉడికిన ఇడ్లీని మళ్లీ పిండి చేస్తావా, శౌరీ?" అన్నాను.

"గెస్టులందరికీ చెప్పేశాం, అత్తయ్యా!"

ఆదివారం గుడిలో ఫాదర్ మైకేల్ నీళ్ల గిన్నె ఎత్తాడు. నేను లేచి నిలబడ్డాను.

"స్టాప్, ఫాదర్! ఆల్రెడీ డన్."

గుడి మొత్తం నా వైపు తిరిగింది. శౌరి తల దించుకున్నాడు. ఏ నీళ్లు పోశావు, ఏ మాటలు అన్నావు అని ఫాదర్ అడిగాడు. వచ్చీరాని ఇంగ్లీషులో అంతా చెప్పాను.

"సాక్షి ఎవరైనా ఉన్నారా?"

నేను వర్ష వైపు చూడలేదు. ఊరుకోమన్న కూతుర్ని ఏమని అడగను?

"మళ్లీ పోస్తే, ఆ రోజు నేను పోసినవి వట్టి నీళ్లని ఒప్పుకున్నట్టే. ఆ గంటలోనే పిల్ల పోయుంటే? అప్పుడూ వట్టి నీళ్లే అనేవారా?" అన్నాను. కూర్చోలేదు.

"నేనున్నాను ఫాదర్," అంది వర్ష. "వీల్‌చైర్‌లో, పాప కాలు పట్టుకుని. ఆమెన్ అన్నది నేనే."

ఫాదర్ గిన్నె పక్కన పెట్టి నూనె సీసా అందుకున్నాడు. ఇవాళ నీళ్లు అక్కర్లేదు, మిగిలిన తైలాభిషేకం చేస్తే చాలన్నాడు.

ఏం తీయాలో తెలియక ఫొటోగ్రాఫర్ శౌరి వైపు చూశాడు. వర్ష పాపను తెచ్చి నా చేతుల్లో పెట్టింది.

"మా అమ్మను తీయండి," అంది.